నాన్నగారి కాలి పుండుకు నీళ్ల జెల్ రాశారు. పుండు తడిగా ఉంటే చీము పట్టదా?

ఉక్కునగరం అబ్బాయి:
అందరికీ నమస్కారం. మాది గాజువాక దగ్గర. నాన్నగారికి షుగర్ చాలా ఏళ్లుగా ఉంది. కుడి మడమ పక్కన చెప్పు రాసుకుని పుండు పడింది. డాక్టర్ గారు పైన ఉన్న పాడైన పొర కొంత తీసేసి, రోజు విడిచి రోజు హైడ్రోజెల్ రాసి కట్టు కట్టమన్నారు. వీధిలో కట్టు కట్టే పెద్దాయన ట్యూబ్ చూసి "పుండుకి తడి తగలకూడదు బాబూ, పౌడర్ చల్లి ఆరబెట్టాలి" అన్నారు. అమ్మదీ అదే మాట, నీళ్లు తగిలితే చీము పడుతుందని. ట్యూబ్ మీద చూస్తే అందులో ఎక్కువ భాగం నీళ్లేనట. ఇంకో అనుమానం కూడా ఉంది. మా పాప డైపర్‌లో ఉండేదీ జెల్లే కదా, అది తడిని పీల్చేస్తుంది. మరి ఈ జెల్ తడి పెడుతుందా, పీలుస్తుందా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

మర్రిపాలెం పెద్దాయన:
నేను పాతకాలం కాంపౌండర్‌ని. మా రోజుల్లో పుండు ఆరితేనే మానినట్టు. తడి గాజుగుడ్డ ఉంచితే రెండో రోజుకే వాసన వచ్చేది. మీ వీధి ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు బాబూ.

డ్రెస్సింగ్ సిస్టర్:
పెద్దాయన గారి అనుభవం మీద గౌరవంతోనే చెబుతున్నాను. సర్జికల్ వార్డులో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను, ఎక్కువగా షుగర్ పుండ్లే చూస్తాను. పుండు పైన ఆరి చెక్కు కట్టిందంటే మానుతోందనే అందరూ అనుకుంటారు. అంచుల నుంచి కొత్త చర్మం కణాలు పాకుతూ వచ్చి పుండును మూయాలి. పైన ఎండు చెక్కు ఉంటే అవి దాని కిందుగా, తడి ఉన్న చోటు వెతుక్కుంటూ రావాలి. దాంతో ఆలస్యమవుతుంది. 1962లో ఇంగ్లండ్‌లో జార్జ్ వింటర్ అనే ఆయన పందుల మీద దీన్ని పరీక్షించి చూపించాడు. పలచని పాలిథీన్ పొరతో మూసిన గాయాల మీద కొత్త చర్మం, గాలికి వదిలేసిన గాయాలతో పోలిస్తే సుమారు రెట్టింపు వేగంతో ఏర్పడింది. ఈనాటి జెల్ కట్లు, ఫోమ్ కట్లు అన్నింటికీ అదే పునాది.

చీము పట్టేది నీళ్ల వల్ల కాదండి, క్రిముల వల్ల. మురికి నీళ్లు, ఉతకని గుడ్డ, కడగని చెయ్యి క్రిముల్ని తెస్తాయి. ట్యూబ్‌లోది స్టెరైల్ చేసిన, అంటే క్రిములు లేకుండా చేసిన జెల్. ఆ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

అయితే మీ ప్రశ్నకు జవాబు ఇవ్వాలంటే ముందు కొన్ని తెలియాలి. పుండు అడుగు ఎలా ఉంది? పసుపు పొర అంటుకుని ఉందా, ఎర్రగా ఉందా, నల్లగా గట్టిపడి ఉందా? కట్టు విప్పినప్పుడు ఎంత తడిసి ఉంటోంది? కాలు వెచ్చగా ఉందా, చల్లగా ఉందా? కాలికి రక్తం సరిగ్గా అందుతోందో లేదో ఎవరైనా చూశారా?

ఉక్కునగరం అబ్బాయి:
సిస్టర్ గారూ, అడుగున పసుపు పొర, మధ్యలో కొంచెం ఎరుపు. నలుపు లేదు. కట్టు పెద్దగా తడవడం లేదు, విప్పేటప్పుడు గాజుగుడ్డ అంటుకుపోయి నాన్నగారు బాగా నొప్పి పడుతున్నారు. కాలు వెచ్చగానే ఉంది. డాక్టర్ గారు చీలమండ దగ్గర బీపీ కూడా చూసి, రక్తం బాగానే వెళ్తోందన్నారు.

డ్రెస్సింగ్ సిస్టర్:
అయితే మీ డాక్టర్ గారు సరైనదే రాశారు. కట్టు అంటుకుపోతోందంటేనే పుండు ఎండిపోయి ఉందని అర్థం. ఎండిన గాజుగుడ్డను లాగిన ప్రతిసారీ అప్పుడే పుట్టిన కండ కూడా ఊడివస్తుంది. జెల్ ఆ పసుపు పొరను నానబెట్టి మెత్తబరుస్తుంది, ఆ తర్వాత మన ఒంట్లోని ఎంజైములే దాన్ని కరిగించి విడదీస్తాయి. నొప్పి కూడా తగ్గుతుంది.

జెల్‌ను పుండు లోపలికే పరిమితం చేయండి. చుట్టూ ఉన్న మంచి చర్మానికి పూస్తే అది నాని తెల్లబడి ఊడుతుంది, పుండు ఇంకా పెద్దదవుతుంది. ఎక్కువ రాస్తే త్వరగా మానుతుందని దట్టంగా పూసేవాళ్లను రోజూ చూస్తుంటాను. అలా చేయకండి. కట్టు విప్పేసరికి చుట్టూ తెల్లగా కనిపించినా, కట్టు బయటి దాకా తడిసినా జెల్ ఆపి డాక్టర్‌కి చూపించండి. అలా తడిసే పుండుకు తడిని పీల్చే కట్టు కావాలి.

పాలిమర్ మాస్టారు:
నేను ఈ ఊళ్లోనే కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. అబ్బాయి అడిగిన "పెడుతుందా, పీలుస్తుందా" అన్న ప్రశ్న నాకు చాలా నచ్చింది. మా క్లాసులో పిల్లలు కూడా ఇంత సూటిగా అడగరు.

హైడ్రోజెల్ అంటే నీళ్లను ఇష్టపడే పొడవైన అణువుల గొలుసులు. వాటిని అక్కడక్కడ ముడివేస్తారు. ముడులు లేకపోతే గొలుసులు నీళ్లలో కరిగిపోతాయి. ముడులు ఉన్నాయి కనుక కరగలేక, నీళ్లను లోపలే పట్టుకుని ఉబ్బుతాయి. ఎంత ఉబ్బుతుందనేది గొలుసు దేనితో చేశారు, ముడులు ఎంత దగ్గరగా ఉన్నాయి, బయట ఉన్న నీళ్లలో ఏముంది అన్నవాటిని బట్టి ఉంటుంది.

డైపర్‌లోది సోడియం పాలీయాక్రిలేట్. అది పొడి రూపంలో, నీళ్ల కోసం ఆకలితో ఉంటుంది. మీ ట్యూబ్‌లోది ముందే కడుపు నిండా నీళ్లు తాగి ఉన్న జెల్. అలాంటి వాటిలో చాలా వరకు 70 నుంచి 90 శాతం దాకా నీళ్లే ఉంటాయి. కనుక ఎండిన కణజాలం తగిలితే దానికి నీళ్లు ఇస్తుంది. పుండు నుంచి కాస్త ద్రవం ఊరితే కొంత తీసుకోనూగలదు, కానీ ఎక్కువ తీసుకోలేదు. ఒకే జాతి పదార్థం, తడిసిన స్థితిని బట్టి రెండు వేర్వేరు పనులు చేస్తోంది.

ఇంట్లో ఒక పరీక్ష చేసి చూడండి. కొత్త డైపర్ చింపి లోపలి పొడి కొంచెం గిన్నెలో వేసి నీళ్లు పోయండి. గడ్డలా నిలబడుతుంది. ఇప్పుడు ఒక చెంచా ఉప్పు వేసి కలపండి, జెల్ కుంగి నీళ్లు వదిలేస్తుంది. ఆ గొలుసుల మీద రుణావేశం (మైనస్ చార్జి) ఉంటుంది, వాటి పక్కన సోడియం అయాన్లు (ప్లస్ చార్జి ఉన్న కణాలు) ఉంటాయి. జెల్ లోపల అయాన్లు ఎక్కువ, బయట తక్కువ కాబట్టి నీళ్లు లోపలికి వస్తాయి. బయట కూడా ఉప్పు ఉంటే ఆ తేడా పోతుంది. శుద్ధమైన నీటిలో తన బరువుకు కొన్ని వందల రెట్లు పీల్చుకునే ఈ పొడి, 0.9 శాతం ఉప్పు ఉన్న సెలైన్‌లో 30 నుంచి 60 రెట్ల దగ్గరే ఆగిపోతుంది. ఆర్కే బీచ్ నీళ్లు పోస్తే ఇంకా తక్కువ, ఎందుకంటే అందులో ఉప్పు 3.5 శాతం దాకా ఉంటుంది, పైగా కాల్షియం, మెగ్నీషియం అయాన్లు ఆ గొలుసుల్ని దగ్గరికి లాగేస్తాయి. మూత్రంలోనూ, రక్తంలోనూ, పుండు ఊటలోనూ ఉప్పు ఉంటుంది. అందుకే "మా ప్యాడ్ 300 రెట్లు పీలుస్తుంది" అన్న ప్రకటన చూస్తే ఏ నీళ్లతో కొలిచారో అడగాలి. పరీక్ష అయ్యాక ఆ జెల్‌ను సింక్‌లో పోయకండి, చెత్తలో వేయండి.

డ్రెస్సింగ్ సిస్టర్:
మాస్టారూ, మీరు చెప్పిన అయాన్ల సంగతి మా వార్డులో రోజూ కళ్లతో చూస్తాం. బాగా ఊరే పుండుకు ఆల్జినేట్ అనే దూదిలాంటి కట్టు పెడతాం, గోధుమ రంగు సముద్రపు నాచు నుంచి తీస్తారు. పెట్టేటప్పుడు పొడిగా ఉంటుంది. పుండు ఊటలోని సోడియం లోపలికి వెళ్లి, అందులోని కాల్షియం బయటికి వచ్చేకొద్దీ పీచు జెల్‌గా మారుతుంది. అదే కట్టును ఎండు పుండు మీద పెడితే ఇంకా ఎండబెట్టి అంటుకుంటుంది.

మర్రిపాలెం పెద్దాయన:
అమ్మా, ఒక్క మాట. నల్లబడి ఎండిపోయిన వేలి మీద కూడా ఈ జెల్ పెడతారా? అలాంటివి మేం పొడిగానే ఉంచేవాళ్లం.

డ్రెస్సింగ్ సిస్టర్:
పెట్టమండి. అక్కడ మీరు చేసిందే సరైనది. రక్తం అందక ఎండి నల్లబడిన వేలిని తడిపితే, పొడి గ్యాంగ్రీన్ కాస్తా తడి గ్యాంగ్రీన్‌గా, అంటే క్రిములు పట్టి కుళ్లేదిగా మారే ప్రమాదం ఉంటుంది. ముందు రక్తనాళాల డాక్టర్ చూడాలి, రక్తం అందే మార్గం ఉందో లేదో తేలాలి. అంతవరకు పొడిగానే ఉంచుతాం. అందుకే పైన అబ్బాయిని రంగు, వేడి గురించి అన్ని ప్రశ్నలు అడిగాను. పక్కింటివాళ్లకు పనిచేసిన ట్యూబ్ మనకూ పనిచేస్తుందని అనుకోకూడదు.

భీమిలి గృహిణి:
కలబంద గుజ్జు కూడా జెల్లే కదా? మా పెరట్లో బోలెడు ఉంది. ఆయన కాలికి చిన్న పుండు ఉంది, రాయవచ్చా?

డ్రెస్సింగ్ సిస్టర్:
కలబందలో నీళ్లు, జిగురు ఉన్నమాట నిజమే. కానీ పెరట్లో కోసిన మట్టలో మట్టి, క్రిములు ఉంటాయి. తెరిచి ఉన్న పుండు మీద వద్దమ్మా, షుగర్ ఉంటే అసలే వద్దు. పసుపు, కాఫీ పొడి, దోసెపిండి, ఇంకు కూడా వద్దు. ఇవన్నీ పూసుకుని వచ్చినవాళ్ల పుండు కడగడానికే మాకు సగం పూట పడుతుంది.

కాలిన గాయాల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. నూనె చిందినా, కుక్కర్ ఆవిరి తగిలినా ముందు కుళాయి కింద 20 నిమిషాలు చల్లటి నీళ్లు పారనివ్వండి. ఐస్ వద్దు. కాలిన 3 గంటల లోపు చేసినా ఉపయోగం ఉంటుంది. కాలిన గాయాలకు వాడే జెల్ షీట్లు ఫ్యాక్టరీల్లో ఉంచుతారు, నీళ్లు దగ్గరలో లేని చోట అవి పనికొస్తాయి. ఇంట్లో నీళ్లు ఉండగా జెల్ కోసం మందుల షాపుకి పరిగెత్తడం అనవసరం.

ఎంవీపీ అమ్మ:
జెల్ అంటే గుర్తొచ్చింది. మా బాబుకి పుట్టినరోజు బహుమతిగా రంగురంగుల జెల్లీ బాల్స్ వచ్చాయి. ఆవగింజంత పూసలు, నీళ్లలో వేస్తే గోళీల్లా అవుతాయి. బాబుకి మూడేళ్లు, చెల్లికి పది నెలలు. ఇవి విషమా?

పాలిమర్ మాస్టారు:
అమ్మా, దయచేసి ఇప్పుడే లేచి వాటిని ఇంట్లోంచి తీసేయండి. ప్యాకెట్ మీద విషం కాదని రాసి ఉంటుంది, అది చాలావరకు నిజమే కావచ్చు. ప్రమాదం ఉబ్బడంలో ఉంది. మింగిన పూస పేగులో తడి పీల్చుకుని పెద్దదై, పేగుకు అడ్డం పడుతుంది. అమెరికాలో 2023లో పది నెలల పాప ఇలాగే చనిపోయాక అలాంటి ఆట సామాను వెనక్కి రప్పించారు.

పిల్లల వార్డు:
పిల్లల డాక్టర్‌ని. మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. ఈ పూసలు ఎక్స్‌రేలో కనపడవు. అల్ట్రాసౌండ్‌లో చాలాసార్లు కనపడతాయి. అందుకే పిల్లాడు వాంతులు చేసుకుంటున్నా, పొట్ట ఉబ్బినా, పాలు తాగనన్నా "పూసలు మింగాడేమో" అన్న మాట తల్లి నోటి నుంచి రావాలి, లేకపోతే మాకు తట్టదు. మింగాడని అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆస్పత్రికి రండి, మిగిలిన ప్యాకెట్ కూడా తీసుకురండి. చెవిలో గానీ ముక్కులో గానీ పెట్టుకుంటే ఇంట్లో చుక్కల మందు, నీళ్లు వేయకండి. తడి తగిలితే లోపలే ఉబ్బి ఇరుక్కుంటుంది. కుండీల్లో మొక్కలకని వేసే పూసలూ ఇవే, అవీ పిల్లలకు అందకూడదు.

ఎంవీపీ అమ్మ:
తీసేశాను. సోఫా కింద కూడా రెండు దొరికాయి. మంచం కింద, తివాచీ కింద వెతుకుతున్నాను. చాలా థాంక్స్ అండి.

కంటి వైద్యం చదువుతున్నాను:
ఆప్టోమెట్రీ విద్యార్థిని. ఇందరు జెల్ గురించి మాట్లాడుతుంటే కంటి సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మనిషి శరీరంలో వాడటానికే ప్రత్యేకంగా ఆలోచించి చేసిన తొలి హైడ్రోజెల్ చెకోస్లొవేకియాలో పుట్టింది. ఒట్టో విఖ్టర్లే, ద్రాహోస్లావ్ లిమ్ 1960లో నేచర్ పత్రికలో దాని గురించి రాశారు. 1961 క్రిస్మస్ రోజుల్లో విఖ్టర్లే తన ఇంట్లోనే, పిల్లలు ఆడుకునే లోహపు ముక్కల సెట్టుతో, సైకిల్ డైనమోతో ఒక యంత్రం చేసి, తిరిగే అచ్చుల్లో మెత్తని కాంటాక్ట్ లెన్స్‌లు పోశాడు. ప్రయోగశాల సాయం లేకుండా! అమెరికాలో 1971లో వాటికి అనుమతి వచ్చింది.

ఆ జెల్‌లో నీళ్లు సుమారు 38 శాతం. కంటి నల్లగుడ్డుపై ఉండే కార్నియాకు రక్తనాళాలు లేవు, ఆక్సిజన్ గాలి నుంచే కావాలి. మామూలు జెల్‌లో ఆక్సిజన్ నీళ్ల ద్వారానే వెళ్తుంది కనుక అది చాలదు. సిలికాన్ కలిపిన జెల్ లెన్స్‌లు 1999లో వచ్చాక ఆ ఇబ్బంది బాగా తగ్గింది. అయినా రాత్రి తీయకుండా పడుకుంటే ఇన్ఫెక్షన్ ప్రమాదం పెరుగుతుంది. ఇంకోటి, లెన్స్‌లను కుళాయి నీళ్లతో కడగకండి, బీచ్‌కి, స్విమ్మింగ్ పూల్‌కి వేసుకెళ్లకండి. నీళ్లలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి కార్నియాను తినేస్తుంది, చికిత్స నెలల తరబడి సాగుతుంది.

మన హనుమంతవాకలో శాఖ ఉన్న ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ కలిసి 2022లో త్రీడీ ప్రింటింగ్‌తో కార్నియాను తయారుచేశాయి. దానమిచ్చిన కార్నియాల్లో కణాలు తీసేసి మిగిలిన పదార్థాన్ని జెల్‌గా చేసి, అందులో మనిషి కణాలు కలిపి ప్రింట్ చేశారు. కుందేలు కంట్లో పెట్టి చూశారు. మనుషులకు మామూలు చికిత్సగా రావడానికి ఇంకా చాలా పరీక్షలు దాటాలి. అంతవరకు నేత్రదానానికి ప్రత్యామ్నాయం లేదు.

లేబర్ రూమ్ అక్క:
మా దగ్గర కూడా ఒకటి ఉంది. నొప్పులు రావడానికి పెట్టే మందు, డైనోప్రోస్టోన్. హైడ్రోజెల్ పలకలో 10 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. అది తడి పీల్చి ఉబ్బుతూ గంటకు సుమారు 0.3 మిల్లీగ్రాముల చొప్పున వదులుతుంది. దానికి ఒక టేపు ఉంటుంది. బిడ్డ గుండె వేగం తగ్గినా, నొప్పులు మరీ ఎక్కువైనా లాగేస్తే మందు ఆగిపోతుంది. పూసిన మందును అంత తేలిగ్గా వెనక్కి తీసుకోలేం కదా.

కంచరపాలెం కూతురు:
సమయం ఉంటే నాకూ చెప్పండి. అమ్మకు మోకాలి గుజ్జు అరిగిపోయిందన్నారు. జెల్ ఇంజెక్షన్ చేస్తే గుజ్జు మళ్లీ నిండుతుందని ఒకచోట చెప్పారు. ఖర్చు బాగానే ఉంది. అమ్మ ఆశ పెట్టుకుంది. చేయించాలా?

ఎముకల డాక్టర్:
అమ్మా, ఆ ఇంజెక్షన్‌లో ఉండేది హైలురోనిక్ యాసిడ్. మోకాలి ద్రవంలో సహజంగా ఉండే పదార్థమే, కీలు జారుడుగా కదలడానికి అది అవసరం. కొన్ని రకాల్లో దాని గొలుసుల్ని కలిపి జెల్‌గా చేస్తారు, కీలులో ఎక్కువ కాలం నిలవడానికి. కానీ అరిగిపోయిన మృదులాస్థి దానితో తిరిగి పెరగదు. "గుజ్జు నిండుతుంది" అని ఎవరైనా చెబితే నమ్మకండి. కొందరికి కొన్ని నెలలు నొప్పి తగ్గుతుంది, చాలామందికి ఉత్తి సెలైన్ ఇంజెక్షన్ కన్నా పెద్ద తేడా కనపడదు. అమెరికా ఎముకల వైద్యుల అకాడమీ కూడా మోకాలి అరుగుదలకు దీన్ని అందరికీ వాడమని సిఫారసు చేయడం లేదు.

డబ్బు పెట్టే ముందు తొడ కండరాల వ్యాయామం ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకుని కొన్ని వారాలు మానకుండా చేయించండి. బరువు ఎక్కువ ఉంటే కాస్త తగ్గినా మోకాలికి తేడా తెలుస్తుంది. కింద కూర్చుని కూరలు తరగడం, బాసింపట్టు మానేయమనండి. ఇవన్నీ చేశాక కూడా నొప్పి ఉంటే ఇంజెక్షన్ గురించి ఆలోచించవచ్చు, ఏం ఆశించాలో ముందే తెలుసుకుని. అరుగుదల చివరి దశలో ఉంటే దాని వల్ల ఉపయోగం ఇంకా తక్కువ.

కంచరపాలెం కూతురు:
ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదండి. అమ్మకు చదివి వినిపిస్తాను.

ఉక్కునగరం అబ్బాయి:
సిస్టర్ గారూ, మీరు చెప్పినట్టు పుండు లోపల మాత్రమే పలచగా రాస్తున్నాం. కట్టు అంటుకోవడం లేదు, నాన్నగారు విప్పేటప్పుడు పళ్లు బిగబట్టడం మానేశారు. పసుపు పొర అంచుల దగ్గర వదులైంది. వీధి ఆయనకు కూడా మీ పోస్టు చూపించాను. ఇప్పుడు ఇంకో సమస్య. అదే ట్యూబ్ అయిపోయింది, ఒక షాపులో "జెల్లే కదా" అని స్కానింగ్‌కి వాడే జెల్ సీసా ఇవ్వబోయారు.

డ్రెస్సింగ్ సిస్టర్:
మంచి కబురు. పొర వదులైందంటే డాక్టర్‌కి చూపించే సమయం వచ్చింది, ఆయన దాన్ని తీసేస్తారు. ఆ తర్వాత ఎర్ర కండ కనిపిస్తే కట్టు మారుస్తారేమో, అడగండి. నాన్నగారు ఆ మడమ మీద బరువు వేయకుండా చూడటం మాత్రం జెల్ కన్నా ముఖ్యం. బరువు పడకుండా చేసే చెప్పు గానీ, పట్టీ గానీ రాయించుకోండి. షుగర్ అదుపులో లేకపోతే ఏ జెల్ పెట్టినా ఫలితం ఉండదు. జ్వరం వచ్చినా, పుండు చుట్టూ ఎర్రబడి వేడెక్కినా, వాసన వచ్చినా ఆ రోజే తీసుకెళ్లండి.

స్కానింగ్ జెల్ పుండుకు పొరపాటున కూడా వాడకండి.

మెడ్‌టెక్ ఇంజనీర్:
పెదగంట్యాడ వైపు మెడ్‌టెక్ జోన్‌లో పనిచేస్తాను, నాణ్యత పరీక్షల విభాగం. సిస్టర్ గారి చివరి మాటకు కారణం చెబుతాను. స్కానింగ్ జెల్ అంటే కార్బోమర్ అనే చిక్కబరిచే పదార్థం కలిపిన నీళ్లు. చర్మానికీ, స్కానింగ్ యంత్రం తలకీ మధ్య గాలి ఉంటే శబ్ద తరంగాలు అక్కడే వెనక్కి తిరుగుతాయి, ఆ గాలిని తీసేయడమే దీని పని. మామూలు సీసాల్లోది స్టెరైల్ కాదు. అమెరికాలో 2021లో ఇలాంటి జెల్‌లో బర్ఖోల్డేరియా అనే బ్యాక్టీరియా చేరి రోగులకు రక్తంలో ఇన్ఫెక్షన్లు వచ్చాయి. బాగున్న చర్మం మీద అయితే తుడిచేస్తే పోతుంది, పుండులోకి వెళ్తే ఆ క్రిమిని మనమే లోపలికి పంపినట్టు.

మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ మందుల చట్టం కిందికి వచ్చాయి. పుండుకు కొనే జెల్ మీద స్టెరైల్ అన్న ముద్ర, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, తయారీ లైసెన్స్ నంబరు ఉన్నాయో లేదో చూడండి. సీలు ముందే విప్పి ఉంటే తీసుకోకండి. చాలా ట్యూబులు ఒక్కసారి వాడి పారేయడానికే చేస్తారు, తెరిచాక ఎన్నాళ్లు వాడవచ్చో ప్యాక్ మీదే ఉంటుంది. మిగిలిందని ఫ్రిజ్‌లో దాచి వచ్చే నెల వాడటం మంచిది కాదు. మీ డాక్టర్ రాసిన పేరు దొరకకపోతే షాపువాళ్లు ఇచ్చిన ఇంకో జెల్ తీసుకునే ముందు ప్యాక్ ఫొటో ఆయనకు పంపి అడగండి.

ఉక్కునగరం అబ్బాయి:
ఫొటో పంపాను. వేరే కంపెనీదే అయినా పుండుకు వాడే జెల్లే, తీసుకోమన్నారు. రేపు ఉదయం పొర తీయించడానికి వెళ్తున్నాం, చెప్పు గురించి కూడా అడుగుతాను.